కర్మఠురాలికి కాపలా

ఆ రోజు ఉదయం నా తాళంచెవుల గుత్తి మూడుసార్లు కింద పడింది.

మొదటిసారి ఆఫీసు తలుపు తీసి, గుత్తిని ప్యాంటు కుడిజేబులో వేసుకున్నాను. అది ఘల్లుమని నేల మీద పడింది. ఆ జేబు అడుగున చిరిగిన మాట నిజమే. కానీ ముందురోజు సాయంత్రమే ఆ చిరుగు కుట్టమని మా అక్కకి ఇచ్చాను, పొద్దున్నే కుట్టి ఇచ్చేసింది. కాబట్టి పొరపాటు నాదే అయివుంటుందని వంగి తీసి మళ్లీ వేసుకున్నాను. మళ్లీ పడింది. అప్పటికి మా ఎడిటరుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పెద్దవారి ముందు తడబడకూడదని ఆయన వైపే చూస్తూ, నమస్కారం చేస్తూ, చాలా మామూలుగా ఎడమజేబులో వేసుకున్నాను. అదీ పడింది.

"తాళాలు మాట వినడం లేదా?" అన్నారాయన.

"వింటాయండీ" అన్నాను.

కుర్చీలో కూర్చుని బల్ల కింద తడిమి చూసుకుంటే అప్పుడు తెలిసింది. రెండు జేబుల మూతులూ ఈ చివర నుంచి ఆ చివరదాకా కుట్టేసి ఉన్నాయి. వేలు కాదు కదా, పెన్సిలు మొన కూడా దూరదు. అడుగున చిరుగు మాత్రం ఎలా ఇచ్చానో అలాగే ఉంది.

సాయంత్రం కోపంగా ఇంటికి వెళ్లాను. కింది వాటాలో అక్కా బావా ఉంటారు, పై వాటాలో నేనూ మా ఆవిడా. మెట్ల దాకా పోకుండా కింది గుమ్మంలోంచే మొదలుపెట్టాను.

"జేబు కుట్టమంటే జేబే లేకుండా కుట్టావేంటక్కా?"

బావ పంచె చుట్టుకుని ప్యాంటు విప్పి ఇస్తే, అక్క అందుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. మొహానికి బెత్తెడు దూరంలో పట్టుకుని చూసింది. తర్వాత వేళ్లతో తడిమింది. నేను ఒకటంటే నాలుగనే మనిషి ఏమీ అనకపోయేసరికి నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడింది. బావ పేపరు దించి నావైపు చూశాడు. నేను బావవైపు చూశాను. ముప్ఫై ఏళ్లలో అక్క చేతిలోని సూది దారి తప్పడం మేమిద్దరం ఎరగం.

మా అక్కని వీధిలో అందరూ కాజాలక్క అంటారు. చొక్కాకి గుండీ దూరే చీలికే కాజా. గుడ్డని చీల్చడం ఎవరైనా చీలుస్తారు. ఆ అంచు పోగులు ఊడకుండా, ఒకదాని పక్కన ఒకటి ముడులు సర్దుకుని కూర్చునేలా చుట్టూ కుట్టుకు రావడం అందరివల్లా అయ్యే పని కాదు. ఇప్పుడు దానికీ మిషన్లు వచ్చాయి. అయినా మా వీధి దర్జీలు ముగ్గురూ మంచి గుడ్డ చేతికొస్తే అక్క దగ్గరికే పంపుతారు.

ఆవిడ పనికి ఒక పద్ధతుంది. మూరెడు దారం తెంపి సూదికి ఎక్కిస్తుంది. ఆ దారం అయిపోయేదాకా లేవదు. పాలు పొంగినా లేవదు, తలుపు కొట్టినా లేవదు. ఒకసారి బావ స్నానాలగదిలో జారిపడి పిలిస్తే, "ఉండండి, జానెడుంది" అంది. జానెడు దారం అవడానికి ఎంతసేపు పడుతుందో ఆ ఇంట్లో తెలిసినవాడు బావ ఒక్కడే. తడినేల మీద పడుకుని లెక్కపెట్టాడు. నాలుగు నిమిషాలు.

"సూదిలో దారం ఉండగా లేస్తే ముడి వదులవుతుందిరా" అంటుంది, అడిగితే. మొగుడి నడుము సంగతి అడిగేవాళ్లు లేరు.

మర్నాడు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కకి ఎడమకన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి వెలుగూ నీడా తప్ప ఏమీ చూడదు. పనంతా కుడికంటి మీదే. ఆ కుడికంట్లో శుక్లం ముదిరిపోయి ఉంది.

"ఎన్నాళ్లుగా కనబడటం లేదమ్మా?" అంది డాక్టరమ్మ.

"కనబడకపోవడమేం, మంచులో ఉన్నట్టుంటుంది. రెండేళ్లయింది" అంది అక్క.

"రెండేళ్లా?"

"మధ్యలో పని తెగలేదండీ."

ఆపరేషను సోమవారం అన్నారు. అక్క ఒప్పుకోలేదు. అవతల స్కూలు యూనిఫారం చొక్కాలు నలభై ఉన్నాయి, చొక్కాకి ఏడు కాజాలు, ముప్ఫైనాలుగు చొక్కాలయ్యాయి, ఇంకా ఆరున్నాయి, అవి ముగించి వస్తానంది. డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తి, "ఉన్నది ఒక్క కన్ను. ఇది పోతే చొక్కా కాదు, చెయ్యి కూడా కనబడదు" అంది. ఆ మాటకి అక్క తల వంచింది. తల వంచి, "నలభై రెండు కాజాలేనండీ" అంది మళ్లీ.

ఆపరేషను బాగా జరిగింది. పది రోజులు జాగ్రత్తగా ఉండాలి అన్నారు. వంగకూడదు. బరువులెత్తకూడదు. కంట్లో నీళ్లు పడకూడదు, దుమ్ము పడకూడదు. కన్ను నలపకూడదు. సూదిపని అసలు చేయకూడదు. ఇవన్నీ కాగితం మీద రాసి నా చేతికిచ్చారు. బావ చేతికి ఇవ్వకపోవడానికి కారణం బావే. "నేను చెబితే వింటుందా డాక్టరుగారూ? పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పి చూశాను" అన్నాడు.

మా ఆవిడ స్కూల్లో పాఠాలు చెబుతుంది, సెలవు దొరకదు. నా పని ఇంటికి తెచ్చుకుని చేసుకునేదే కదా అని అందరూ అన్నారు. ఆ "కదా" అన్న చోటే నేను ఇరుక్కున్నాను.

నా పని ఏమిటో చెప్పాలి. పిల్లలకోసం ఒక నిఘంటువు తయారవుతోంది. అందులో అరుదైన మాటలకి ఉదాహరణ వాక్యాలు రాసేవాణ్ణి నేను. సరిగ్గా ఆ వారమే నాకు వచ్చిన మాట "కర్మఠుడు". ఆడవాళ్లయితే కర్మఠురాలు. పూనుకున్న పనిని పట్టువిడవకుండా కడముట్టించే మనిషి అని అర్థం.

"ఈ మాట ఎవరూ వాడరు కదండీ" అన్నాను ఎడిటరుగారితో.

"వాడితే ఉదాహరణ ఎందుకు? వాడరు కాబట్టే కావాలి. అర్థం తెలియని పిల్లవాడికి ఆ వాక్యం చదివితే అర్థం తెలియాలి. దీనికి దగ్గరగా ఉండే మాటలు చాలా ఉన్నాయి. కష్టజీవి వేరు, పనిమంతురాలు వేరు. తేడా కనబడాలి. ఒక్క వాక్యం."

ఒక్క వాక్యమే కదా అని కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చి, అక్క ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మొదటిరోజు కంటికి కట్టు ఉంది. ఏమీ కనబడదు కాబట్టి ఏమీ చేయదని ధైర్యంగా పైకెళ్లి అరగంటలో వచ్చాను. బీరువాలో బట్టలన్నీ మంచం మీద ఉన్నాయి. అక్క వాటిని ఒక్కొక్కటే తడిమి, మడతపెట్టి, రెండు దొంతర్లుగా పేరుస్తోంది.

"ఇది నీ చొక్కా. పైకి తీసుకుపో."

"కనబడకుండా ఎలా తెలిసింది?"

"మీ బావ చొక్కాలు మెడ దగ్గర అరుగుతాయి. నీవి మోచేతుల దగ్గర. బల్లకి ఆనుకుని నిద్రపోతావు కదా."

రెండోరోజు కట్టు విప్పి నల్లకళ్లద్దాలిచ్చారు. ఇంటికి రాగానే అక్క ఆ అద్దాలు కాస్త దించి, ఎదురొచ్చిన బావని పైనుంచి కిందదాకా చూసింది.

"ఏమండీ, మీరెప్పుడింత ముసలివాళ్లయ్యారు?"

"నిన్నటిదాకా కాలేదు" అన్నాడు బావ.

అక్కడితో ఆగితే బాగుండేది. అక్క తలెత్తి పైకి చూసింది.

"ఆ నల్లటిదేంటి?"

"ఫ్యానక్కా."

"ఫ్యాను తెలుపు కదరా."

అప్పుడర్థమైంది నాకు, మేం చేసిన పొరపాటు. రెండేళ్లుగా ఆ ఇల్లు మంచులో ఉంది. ఇప్పుడు మంచు తొలగిపోయింది. మూలల్లో బూజు, అటక అంచున మసి, గోడకి బావ తల ఆనించే చోట నూనె మరక, కిటికీ చువ్వల సందుల్లో తుప్పు, అన్నీ ఒక్కసారిగా కాజాలక్క కంటికి కనబడ్డాయి. "ఇలాంటి కొంపలోనా నేను రెండేళ్లుగా ఉంటున్నది?" అంటూ గది గదికీ తిరిగింది. కన్ను బాగుచేయించి మేమే ఆవిడకి పని చూపించాం.

మూడోరోజు నేను కాఫీ కలుపుకుని వచ్చేసరికి స్టూలు మీద నిలబడి ఫ్యాను రెక్కలు తుడుస్తోంది.

"అక్కా, దిగు."

"వంగొద్దన్నారు. నిక్కొద్దని అనలేదు."

"దుమ్ము కంట్లో పడుతుంది."

"తడిగుడ్డరా. దుమ్ము ఎలా లేస్తుంది?"

డాక్టరమ్మకి ఫోను చేసి అడిగి, కాగితం కింద నా చేత్తో రాశాను: స్టూలెక్కకూడదు. మర్నాడు స్టూలెక్కలేదు, కుర్చీ ఎక్కింది. కుర్చీ కూడా అని రాశాను. కుర్చీ ఎక్కకుండా కర్రకి గుడ్డ కట్టి బూజు దులపబోయింది. బూజు అని రాశాను. ఆరోరోజుకి ఆ కాగితం రెండు పుటలై, పందొమ్మిది వరసలైంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. నేను తాడిని తన్నేవాణ్ణని ఆ వారం తెలుసుకున్నాను.

విసిగిపోయి చివరికి "ఏ పనీ చేయకూడదు" అని రాసి, కింద గీత గీసి చూపించాను.

"పనంటే ఏంటో కూడా రాయరా. మాటలకి అర్థాలు రాయడమేగా నీ ఉద్యోగం."

"పనంటే... శ్రమపడి చేసేది."

"నాకు శ్రమ లేదుగా."

"ఇతరులకోసం చేసేది."

"ఇల్లు నాదే."

"చేస్తే అలసట వచ్చేది."

"ఊరికే కూర్చుంటే వస్తోందిరా నాకు అలసట. కూర్చోవడం కొట్టెయ్యి."

బావ పేపరు వెనకాల నవ్వాడు. నవ్వినందుకు ఫలితం అనుభవించాడు. ఆవిడ చేయకూడదన్నవన్నీ బావ చేత చేయించడం మొదలైంది. అదేమీ కాగితంలో లేదు. కూర్చున్న చోటి నుంచి, "ఆ రెక్క అంచున ఇంకా ఉంది. అది కాదు, పక్కది. మీ కంటికి నా అద్దాలివ్వనా?" అంటుంటే, ఇరవై ఏళ్లుగా సోఫాలోంచి లేవడం మర్చిపోయిన బావ స్టూలు మీద గడగడలాడుతూ నావైపు దీనంగా చూసేవాడు. నేను నా కాగితాలవైపు చూసేవాణ్ణి.

వాటి సంగతీ అంతంతమాత్రమే. మొదట "ఆమె కర్మఠురాలు" అని రాసి పంపాను. ఎడిటరుగారు ఫోనులో, "ఎవరామె? ఏం చేసింది? దీన్ని చదివి పిల్లవాడు ఆమెది ఏదో జబ్బు అనుకుంటాడు" అన్నారు. ఆయన అనుకున్నదానికంటే ఎక్కువ నిజమే అన్నారు. తర్వాత "కర్మఠురాలైన మా అక్క విశ్రాంతి తీసుకుంటోంది" అని రాశాను. ఎదురుగా చూసి, కొట్టేశాను. అప్పుడు అక్క కిటికీ చువ్వని గోటితో గీకి తుప్పు రాలుస్తోంది. ఓపిక నశించి, "కర్మఠురాలితో ఒకే ఇంట్లో ఉండడం ఆరోగ్యానికి మంచిది కాదు" అని పంపాను. పిల్లల నిఘంటువని గుర్తుచేశారు.

ఆ మాటకి ఉన్న చిక్కు నాకు అప్పుడే తెలిసింది. పనిమంతురాలిని దగ్గర నుంచి కూడా మెచ్చుకోవచ్చు. కష్టజీవిని చూసి జాలిపడవచ్చు. కర్మఠురాలిని మాత్రం నాలుగు వీధుల అవతల నుంచి మెచ్చుకోవాలి. ఇంట్లో ఉన్నవాళ్లు ఆ మాట వాడలేరు. అందుకే వాడుక లేకుండా పోయిందేమో. ఇది మాత్రం ఎడిటరుగారికి చెప్పలేదు.

"రాశావా ఆ ఒక్క ముక్కా?" అని అక్క రోజూ అడిగేది.

"ఆలోచిస్తున్నా."

"అదా నువ్వు చేస్తున్నది. నిద్రనుకున్నా."

నాలుగోరోజు జరిగినది ముందే చెప్పాల్సింది. ఆ స్టూళ్ల గొడవలో పడి మర్చిపోయాను. ఆ రోజు ఎదురువరస దర్జీ మాస్టరు అక్కని చూడ్డానికి పళ్లు పట్టుకుని వచ్చాడు. స్కూలుకి చొక్కాలు అప్పగించడానికి ఇంకా మూడు వారాలుంది, మిగిలిన ఆరు చొక్కాలకీ తొందర లేదు, కన్ను బాగయ్యాకే చేద్దువుగాని అన్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో. అయిపోయిందనుకున్నాను.

"అయిన చొక్కాల్లో ఒకటి పట్రా మాస్టారూ, ఊరికే చూస్తాను" అంది అక్క.

చూడ్డం పనేమీ కాదు కదా అని నేనూ ఊరుకున్నాను. ఆయన పరుగున వెళ్లి ఒకటి తెచ్చాడు. అక్క కిటికీ వెలుగులో పట్టుకుని ఒక్కో కాజానీ చూస్తూ పోయింది. ఏడూ చూసి, చొక్కాని ఒడిలో పెట్టుకుంది.

"ఇది చివర చేసినవాటిలోది కదూ?"

"ఏమో అక్కా. బాగానే ఉందిగా."

"ముడులు ఎక్కడున్నాయి? అంచు మీద కూర్చోవాల్సినవి గుడ్డ మీద కూర్చున్నాయి. చివరి పన్నెండూ ఇలాగే ఉంటాయి."

"గుండీ పెట్టేస్తే ఎవరికీ కనబడదక్కా" అన్నాడు మాస్టరు. ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం. అక్కతో అనకూడని మాట ప్రపంచంలో ఒకటుంటే అది అదే.

"నాకు కనబడిందిగా" అంది అక్క.

పన్నెండు చొక్కాలు విప్పి మళ్లీ కుట్టాలని అప్పుడే తేల్చేసింది. పన్నెండు చొక్కాలకి ఎనభైనాలుగు కాజాలు, ముందున్న నలభై రెండు కలిపి నూట ఇరవై ఆరు. ఆసుపత్రికి వెళ్లేముందు నలభై రెండున్న పని, కన్ను బాగయ్యాక మూడింతలైంది. మాస్టరుని గుమ్మం దాకా సాగనంపి, ఆవిడకి సూది ఇస్తే ఊరుకోనని గట్టిగా చెప్పాను. ఇవ్వను బాబూ, నాకు కాజాలు కావాలి గాని పాపం వద్దు అన్నాడు. ఇంట్లో సూదులపెట్టె, దారపు ఉండలు, కత్తెర మూటకట్టి పైకి తీసుకెళ్లి మా పరుపు కింద పెట్టాం. బావ ఆ పరుపు మీద కాసేపు కూర్చుని మరీ వచ్చాడు.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం బావ బజారుకి వెళ్లాడు. అక్క మంచం మీద పడుకుంది. ఆవిడ పడుకుందన్న ఆశ్చర్యంలోనే నాకూ కన్ను మూతపడింది. లేచేసరికి మోచేతుల కింద నిఘంటువు కాగితాలు, ఎదురుగా ఖాళీ మంచం.

వంటగదిలో లేదు, పెరట్లో లేదు. వీధి దాటి మాస్టరు కొట్లోకి పరిగెత్తాను. మాస్టరు తలుపు దగ్గరగా వేసి భోజనానికి వెళ్లాడు. లోపల ఆయన కుర్చీలో అక్క కూర్చుని ఉంది. నల్లద్దాలు నుదుటి మీదికి తోసేసింది. చేతిలో బ్లేడు. ఎదురుగా పాత కుట్లు విప్పిన చొక్కాలు అయిదు. గాలిలో, ఒడిలో, వేళ్లకి, ఎక్కడ చూసినా తెల్లటి దారపు నూగు.

"సూది ముట్టుకోలేదురా" అంది నన్ను చూసి. "విప్పుతున్నానంతే."

అంటూనే చేతి వెనకభాగంతో కుడికన్ను నలుపుకుంది. అప్పటికి ఎన్నిసార్లు నలిపిందో. కన్ను ఎర్రగా ఉంది, నీరు కారుతోంది.

నేను తిట్టలేదు. చేతిలోంచి బ్లేడు తీసి, ఆటో పిలిచి ఎక్కించాను. దారిలో ఆవిడ ఒకసారి, "మంచు మళ్లీ వచ్చినట్టుందిరా" అంది. నేను వినబడనట్టు రోడ్డువైపు చూశాను.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద ముప్పావుగంట కూర్చోబెట్టారు. అక్క చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతులు ఊరికే ఉండడం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చూపుడువేలి కొసన సూదిపోట్లతో చర్మం గరుకుగా, దర్జీలు వేలికి తొడుక్కునే చిన్న అంగుళిత్రాణంలా తయారై ఉంది.

"ఇది కూడా పోతే నేనేం చెయ్యాల్రా?" అంది, నావైపు తిరగకుండా.

"ఏం పోదు."

"పోతే అంటున్నా. పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి?"

నేను ఆవిడ చీర మీది దారపు నూగు ఏరసాగాను. అన్ని మాటలకీ అర్థం రాసే ఉద్యోగం నాది.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. యంత్రం వెనక నుంచి లేచి, అక్కతో కాదు, నాతో మాట్లాడింది.

"లోపల వాపు మొదలైంది. ఇంకో పూట ఆగి తెచ్చుంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. గంటకోసారి మందు వెయ్యాలి. ఇవాళ్టి నుంచి మళ్లీ ఎనిమిది రోజులు. అప్పటిదాకా నేను ఏ మాటా ఇవ్వలేను. మీరు పక్కనే ఉన్నారన్నారు, ఏం చేస్తున్నారు?"

"నిద్రపోతున్నానండీ" అన్నాను. నర్సు మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంది.

తర్వాతి ఎనిమిది రోజులూ అక్క నిజంగానే కూర్చుంది. గోడకి ఆనుకుని, అద్దాలు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఇంతకాలం ఏం కావాలని కాగితాలమీద కాగితాలు రాశానో అదే జరిగింది. అది చూస్తూ కూర్చోవడం అంత కష్టమని నాకు తెలియదు. కాపలా కాయడానికి ఏమీ లేదు, అయినా కాపలా కాయాలి. గంటకోసారి మందు వేయడం, మళ్లీ కుర్చీలో కూర్చోవడం.

బావ మరీ బెంగపెట్టుకున్నాడు. ఆయనకి తెలిసిన వైద్యం ఒకటే. గ్లాసులు తప్పు అరలో పెట్టాడు. చెప్పులు మంచం పక్కన విడిచాడు. ఒకరోజు పంపు కావాలనే సరిగ్గా కట్టకుండా వచ్చి, సోఫాలో కూర్చుని ఎదురుచూశాడు. చుక్క చుక్క పడుతున్న చప్పుడు పది నిమిషాలు ముగ్గురం విన్నాం.

"కట్టేయండి" అంది అక్క మెల్లిగా. అంతే అంది.

బావ లేచి కట్టేసి, వంటగదిలోంచి నన్ను పిలిచాడు. "ఏమోయ్, ఆ ఫ్యాను మీద మళ్లీ దుమ్ము పడిందేమో చూడు. పడకపోతే కాస్త వెయ్యి" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఇద్దరమూ నవ్వలేదు.

మధ్యలో ఎడిటరుగారు ఫోను చేశారు. ఆ పేజీలో అన్ని మాటలూ వచ్చేశాయట, నా ఒక్క మాట కోసం పేజీ ఆగిందట. మా ఇంట్లో ఒకరికి బాగోలేదన్నాను. అయ్యో, ఎవరికన్నారు. ఉదాహరణకి అనబోయి, అక్కకి అన్నాను.

పదహారోరోజు ఆసుపత్రికి ముగ్గురమూ వెళ్లాం. డాక్టరమ్మ చూసింది. పైకి చూడమంది, కిందికి చూడమంది, అక్షరాల పలక చదవమంది. అక్క చిట్టచివరి వరస, కంపెనీ పేరు వేసిన బుల్లి అక్షరాలతో సహా చదివింది. "వాపు పూర్తిగా పోయింది. కన్ను నిలబడింది. ఇక పని చేసుకోవచ్చు, అరగంట చేస్తే పది నిమిషాలు ఆపాలి" అంది డాక్టరమ్మ. బావ గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

ఆటో మా ఇంటి ముందు ఆగింది. అక్క దిగి, ఇటు రాకుండా అటు వీధి దాటింది. వెనకాలే నేను. మాస్టరు లేచి కుర్చీ ఇచ్చి, అడక్కుండానే చొక్కాల దొంతర ముందు పెట్టాడు. విప్పినవి అయిదు, విప్పాల్సినవి ఏడు, అసలు మొదలుపెట్టనివి ఆరు. అక్క మూరెడు దారం తెంపి, వేళ్ల మధ్య కొస నలిపి, ఒక్కసారికే సూదిలోకి ఎక్కించింది. మాస్టరు ఊపిరి వదిలాడు. మొదటి కాజా అంచున మొదటి ముడి పడింది, దాని పక్కన రెండోది.

అప్పుడు వచ్చింది నాకు కోపం. పదహారు రోజులుగా దాచుకున్నది, ఆ ఆటోలోంచి మోసుకొచ్చింది, అంతా ఒకేసారి వచ్చింది. మాస్టరు ముందరే మొదలుపెట్టాను.

"ఒక్క పూట ఆలస్యమైతే ఆ కన్ను పోయేది, తెలుసా? గుండీ పెడితే కనబడని కాజాల కోసం. నీకు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఆఫీసు గుమ్మం తొక్కలేదు. నేను రాయాల్సింది ఒక్క వాక్యం, అదీ రాయలేదు. పదహారు రోజులక్కా, నీ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం తప్ప నేనింకో పని చేసి ఎరగను."

అక్క తలెత్తలేదు, దారం ఇంకా జానెడుంది.

"నాకు కన్ను బాగోలేదు సరే, నీకేమొచ్చిందిరా?" అంది.